మా గుండుసూదిది హక్కంట!

"బావా, మన గుండుసూదిది హక్కంట!"

ఫోనులో మా బావమరిది అన్న మాట ఇదేనని ఈ చెవులతో విన్నాను. ఈ చెవుల సంగతి ముందే మనవి చేసుకోవాలి. నాది మైకుసెట్ల దుకాణం. సభలకీ సంబరాలకీ స్పీకర్లు అద్దెకిస్తాను. మైకుల మధ్య బతికి బతికి నా కుడిచెవి రిటైరైపోయింది. ఎడమచెవి ఇంకా ఉద్యోగంలోనే ఉంది గానీ, సెలవులెక్కువ. పైగా ఆ వేళప్పుడు నేను కొత్తగా బాగుచేసిన పెద్ద స్పీకరును పరీక్షిస్తున్నాను.

గుండుసూది అంటే మా అమ్మాయి. మనిషి చిన్నది, తల గట్టిది, ఎక్కడ గుచ్చాలో తెలిసినది. కళ్ళద్దాల దుకాణాలకు సాఫ్ట్‌వేరు రాసే కంపెనీలో పనిచేస్తుంది. మా బావమరిది బస్సుల ఆఫీసులో గుమాస్తా.

"పొద్దున్నుంచి బస్టాపు బోర్డుల మీద వెలుగుతోంది చూడు, అది రాసింది మన పిల్లే బావా!" అని వాడు గొంతు తగ్గించి చెబుతున్నాడు. "అది హక్కంట. ఇక్కడ ఆఫీసంతా ఇదే గొడవ. నువ్వు మాత్రం ఎవరికీ..."

ఆ 'కీ' దగ్గర నా స్పీకరు అందుకుంది. కీఈఈఈ అని బజారంతా వినబడేలా రాగం తీసింది. అది ఆగేసరికి ఫోను కట్టయింది.

నేను దుకాణం గుమ్మంలోకి వచ్చి ఎదురుగా ఉన్న బస్టాపు బోర్డు చూశాను. చూసి, గుమ్మం పట్టుకున్నాను.

ఈ బోర్డుకు ఒక కథ ఉంది. ఆసుపత్రి మీదుగా వెళ్ళే బస్సును ఆఫీసువాళ్ళు ఎప్పుడో రద్దు చేశారు. ఆ సంగతి మనుషులకు చెప్పలేదు సరే, బోర్డుకైనా చెప్పాలి కదా? చెప్పలేదు. అది పాపం పతివ్రతలా "ఐదు నిమిషాల్లో వచ్చును" అంటూ రాని బస్సు కోసం రోజంతా ఎదురుచూసేది. దాన్ని నమ్మి జనం ఎదురుచూసేవాళ్ళు. నా భార్య ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేస్తుంది. రద్దయిందని మేం చెప్పినా, వెలిగే అక్షరాలనే తనూ నమ్మేది. తడిసి, ఎండి, చివరికి నడిచి వెళ్ళేది. ఆలస్యమైందని అక్కడ తిట్లు తినేది. ఆఫీసుకు మా అమ్మాయి ఎన్ని విన్నపాలు పంపినా, విన్న పాపాన ఎవరూ పోలేదు. నిరసన తెలపాల్సిన జనానికేమో నిలబడీ నిలబడీ నీరసం వచ్చింది.

ఓ రోజు భోజనాల దగ్గర నేను, "బస్సు రద్దు, స్టాపు రద్దీ!" అని ఒక శ్లేష విసిరాను. ఎవరూ నవ్వలేదు. మా ఇంట్లో నా శ్లేషకూ శ్లేష్మానికీ ఒకటే గౌరవం. రెంటినీ తుడిచేసి ముందుకు పోతారు.

ఇప్పుడు ఆ బోర్డు మీద ఎర్రటి అక్షరాల్లో ఏముందంటే: "ఈ బస్సు రద్దు. అందుకే ఈ రద్దీ. ఎదురుచూడకండి."

నా శ్లేష! ఊళ్ళోని ప్రతి స్టాపులోనూ, కరెంటు ఖర్చుతో సహా! ఇంట్లో నవ్వని నా కూతురు దాన్ని ఊరి నెత్తిన వెలిగించింది. పైగా అది దాని హక్కని బస్సుల ఆఫీసే అంటోంది. ఏ తండ్రి నోరు మూసుకుంటాడు? మూసుకున్నా, చేతిలో మైకున్నవాడు?

"సోదర సోదరీమణులారా!" అన్నాను. స్పీకరు బాగానే బాగుపడిందని అప్పుడే తెలిసింది. "ఆ బోర్డు మీద నిజం రాసింది ఎవరనుకున్నారు? మా అమ్మాయి! మా గుండుసూది! అది మన హక్కంట! ఆఫీసువాళ్ళే ఒప్పుకున్నారంట! శ్లేష మాత్రం నాది!"

బజారు చప్పట్లు కొట్టింది. బట్టలు కుట్టే వదినగారు కుట్టుమిషను ఆపి మరీ బయటికొచ్చి, "మా మోకాళ్ళ ఉసురు ఊరికే పోతుందా అన్నయ్యా! మన హక్కు మనకొచ్చింది" అని కళ్ళు తుడుచుకుంది. మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా అదే మాట: గుండుసూదిది హక్కు.

సాయంత్రం కాకముందే మా బావమరిది ఆయాసపడుతూ వచ్చిపడ్డాడు.

"బావా! నేనేం చెప్పాను, నువ్వేం చాటావు?"

"హక్కని చెప్పావు. హక్కని చాటాను."

"హక్కు కాదు నా తండ్రీ, హ్యాకు! హ్యాకంట అన్నాను! అంటే దొడ్డిదారిన కంప్యూటర్లో దూరడం! అది నేరం! ఎవరు చేశారో తెలీక మావాళ్ళు జుట్టు పీక్కుంటున్నారు. ఆ రద్దూ రద్దీ చూసి నాకొక్కడికే వెలిగింది, ఇంత చెత్త జోకు మీ ఇంట్లో తప్ప ఎక్కడా పుట్టదని. ఎవరికీ చెప్పకు మహాప్రభో అని చెప్పబోతే..."

"ఆ 'చెప్పకు' స్పీకరు మింగేసిందిరా."

"మింగడానికి అదే దొరికిందా దానికి!"

గొప్పలు చెప్పుకుంటూ నా పిల్లను నేనే పట్టిచ్చాను.

ఇంటికెళ్ళేసరికి విషయం ముందే చేరింది. మా అమ్మ మంచం మీంచి అడిగింది. "ఒరేయ్, హాకీ అంటున్నారు. పిల్ల కర్రతో ఎవరినన్నా కొట్టిందా?" చెవుల విషయంలో నేను మా అమ్మ పోలికే.

మా ఆవిడ నావైపు చూసిన చూపును ఇక్కడ రాయను. కాగితం కాలుతుంది.

గుండుసూది గోడకానుకుని కూర్చుంది. "ఆఫీసువాళ్ళు పోలీసు కేసు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నారంట నాన్నా. పెడితే నా ఉద్యోగం పోతుంది. కేసున్నవాళ్ళని మా కంపెనీ ఉంచుకోదు."

"నేనే చేశానని చెబుతానమ్మా!"

"నీకు ఫోన్లో అలారం పెట్టడం రాదు నాన్నా. ఎవరు నమ్ముతారు?"

"అసలు ఎలా దూరావే లోపలికి?" అంది వాళ్ళమ్మ.

"దూరడానికేం లేదమ్మా. బోర్డులు బిగించిన రోజు పెట్టిన పాస్‌వర్డే ఇంకా ఉంది. ఎవరూ మార్చలేదు. తప్పని తెలుసు. తెలిసే చేశాను. మొన్న వానలో నువ్వు స్టాపులో నిలబడి ఆ బోర్డు వంక చూస్తున్నావు చూడు, దేవుణ్ణి చూసినట్టు. నేను ఆటోలోంచి చూశాను. ఆ రోజే అనుకున్నాను."

వాళ్ళమ్మ లేచింది. దాని పక్కన వెళ్ళి కూర్చుంది.

"నాన్నా, నువ్వు బెంగపడకు" అంది గుండుసూది. "పేరు పెట్టకుండా రాశానని నాకే గుచ్చుకుంటోంది. పేరు లేకుండా నిజం చెబితే ఆకాశరామన్న ఉత్తరం అంటారు. నువ్వు పేరు పెట్టావు. కాస్త గట్టిగా పెట్టావు, అంతే."

నేను ఏడ్చానని మా బావమరిది చెబుతాడు. నాకు వినబడలేదు.

బస్సుల ఆఫీసును నడిపే కమిటీ ఊరి హాల్లో బహిరంగ సభ పెట్టింది. హ్యాకు చేయడం నిరసనా, నేరమా? జనం మాట వింటారు, ఆ తర్వాత పోలీసులకు ఫిర్యాదు చేయాలో లేదో కమిటీ అక్కడే తేలుస్తుంది. ఊళ్ళో మైకుసెట్టున్నది నా ఒక్కడికే గనక ఆ పని కూడా నాకే వచ్చింది. కూతురి తలరాత తేలే సభకు తీగలు లాగాను. తీగ లాగితే డొంక కదులుతుందంటారు, నాకు మాత్రం గుండె కదిలింది.

వేదిక మీద అధ్యక్షురాలు కూర్చుంది. కళ్ళజోడు ముక్కు చివర, ఓపిక అంతకంటే చివర. హాలు నిండా మా వీధి జనం. అది హక్కు కాదని వాళ్ళకు చెప్పే ధైర్యం నాకు చాల్లేదు. చేతుల్లో అట్టలు: "గుండుసూదిది హక్కే!" "మా హక్కు మాకు కావాలి!" అధ్యక్షురాలు ఆ అట్టలను రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

మొదట రూళ్ళకర్ర మాస్టారు లేచారు. రిటైరైన లెక్కల మాస్టారు. కర్ర వదిలేసి చాలాకాలమైనా రూలు వదల్లేదు. ఆయన లేస్తే మావాళ్ళలో సగంమంది అలవాటు కొద్దీ చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"పక్కింటి తలుపు తీసుందని లోపలికి దూరొచ్చా?" అన్నారు. "ఇవాళ ఈ పిల్ల నిజం రాసింది. రేపు ఇంకోడు దూరి అబద్ధం రాస్తాడు. 'నాదీ నిరసనే' అంటాడు. అప్పుడేం చేస్తారు? అంతెందుకు, ఆ రోజు మా స్టాపులో ఉత్తరం వైపు బస్సుకు కూడా రద్దని రాసుంది. నమ్మి నేను నడిచాను. సగం దూరం వెళ్ళాక ఆ బస్సు నన్ను దాటుకుంటూ పోయింది. కండక్టరు చెయ్యి కూడా ఊపాడు!"

హాలు నవ్వింది. గుండుసూది మాత్రం నవ్వలేదు.

బట్టలు కుట్టే వదినగారు లేచింది. "మీరు ఒక్కరోజు నడిచారు మాస్టారూ. మేము రోజూ నడిచాం. మా బోర్డు మీద అబద్ధం రాసినవాళ్ళది తప్పు కాదా? దాన్ని తుడిచిన పిల్లదే నేరమా?"

"రెండు తప్పులు కలిస్తే ఒప్పవదమ్మా!"

"లెక్కల్లో అవుతుందిగా మాస్టారూ! రుణం, రుణం గుణిస్తే ధనమని మీరే చెప్పారు. అది తప్పు చెప్పి దెబ్బలు కూడా తిన్నాను!"

ఈసారి మాస్టారు కూడా మీసాల చాటున నవ్వారు.

అధ్యక్షురాలు గుండుసూదిని పిలిచింది. మైకు దానికి ఎత్తయింది. నేనే వెళ్ళి కిందికి దించాను. అది నా చెయ్యి ఒక్కసారి నొక్కి వదిలింది.

"నేను చేసింది హ్యాకే" అంది. "మాస్టారు నడిచింది నా తప్పు వల్ల. ఉత్తరం బస్సు రద్దు కాలేదని నేను సరిచూసుకోలేదు. క్షమించండి మాస్టారూ. నేను పేరు పెట్టకుండా రాశాను, అదీ తప్పే. శిక్ష ఏదైనా పడతాను. కానీ నేరుగా చెప్పడం నేరమైతే, చెప్పకుండా దాచడాన్ని ఏమంటారో కూడా ఈ సభలోనే తేల్చండి."

నేరుగా, నేరం! ఆ మాట విని నా ఒళ్ళు పులకరించింది. రక్తం ఎక్కడికి పోతుంది?

మాస్టారు మళ్ళీ లేచారు.

"నేను చెప్పిందాంట్లో మార్పు లేదు. తప్పు తప్పే" అన్నారు. "కానీ నలభైమంది పిల్లల క్లాసులో తప్పు చేసిందెవరని అడిగితే, లేచి నిలబడేది ఒక్కళ్ళుంటారు. నేను ఆ ఒక్కళ్ళని ఎప్పుడూ కొట్టలేదు. కొడితే మర్నాటి నుంచి ఎవరూ లేవరు. అమ్మా అధ్యక్షురాలుగారూ, ఈ పిల్ల లేచింది. మీ ఆఫీసు తరఫున ఎవరు లేస్తారు? అందరికీ కర్ర ఒకటే. పిల్ల మీద ఫిర్యాదు పెడితే, బోర్డు మీద ఇన్నాళ్ళూ అబద్ధం వెలిగించినవాళ్ళ మీదా పెట్టండి. లేదా ఎవరి మీదా వద్దు."

హాల్లో సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. నా చెవులకు కూడా.

అధ్యక్షురాలు పక్కవాళ్ళతో గుసగుసలాడింది. తర్వాత మైకు దగ్గరికి జరిగింది. "ఫిర్యాదు పెట్టడం లేదు. అమ్మాయికి హెచ్చరిక. ఇంకోసారి లోపలికి దూరితే ఊరుకోం. పాస్‌వర్డ్ మారుస్తాం. రద్దయిన బస్సులు రద్దని ఇకనుంచి బోర్డు మీద మేమే చూపిస్తాం." కాస్త ఆగి, ఎటో చూస్తూ అంది. "చూపించకపోవడం మాదే పొరపాటు."

"హక్కు! హక్కు! మా హక్కు!" అని హాలు హోరెత్తింది. మా ఆవిడ ఎవరినీ చూడకుండా కొంగుతో ముఖం ఒత్తుకుంది.

"ఆగండాగండి!" అని అధ్యక్షురాలు బల్ల గుద్దింది. "హక్కని నేను అనలేదు! వచ్చినప్పట్నుంచీ చూస్తున్నా, ఈ అట్టలేంటి? ఇది హక్కు కాదు, హ్యాకు! ఆ అమ్మాయే హ్యాకని ఒప్పుకుంది కదా!"

మావాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. "హ్యాకా? అదేంటి? పిల్లకి పాపం కంగారులో నోరు తిరగలేదనుకున్నాం!" అంది వదినగారు. "మీ ఆఫీసే హక్కని ఒప్పుకుందంటగా?"

"మా ఆఫీసా? ఎవరు చెప్పారు మీకు?"

హాలు మొత్తం ఒక్కసారిగా వేలెత్తి నన్ను చూపించింది. వాళ్ళలో మా అమ్మ కూడా ఉంది.

నేను మైకు దగ్గరికి నడిచాను. మా బావమరిది బెంచీ కిందికి జారిపోతున్నాడు. వాడి ఉద్యోగం గుర్తొచ్చి పేరెత్తలేదు.

"అయ్యా, అమ్మా" అన్నాను. "నాకు ఫోనులో 'హ్యాకంట' అని చెప్పారు. నాకు 'హక్కంట' అని వినబడింది. ఎవరికీ చెప్పకు అన్నారు. స్పీకరు 'కీ' అని కూసింది, 'చెప్పకు' కొట్టుకుపోయింది. నేను అందరికీ చెప్పాను. మీరందరూ నమ్మారు. తప్పు ఈ చెవులది. పట్టుకోవాలంటే ఇవి పట్టుకోండి, రెండూ ఇక్కడే ఉన్నాయి."

ముందు మాస్టారు మొదలుపెట్టారు నవ్వడం. ఆపైన హాలు పైకప్పు నిలవలేదు. మా అమ్మ పక్కావిడని, "హాకీ కాదంటనా?" అని అడుగుతోంది. వదినగారు తన చేతిలోని అట్టను తిప్పి తిప్పి చూసింది. "మరి దీన్నేం చేయమంటావే?" అని గుండుసూదిని అడిగింది.

మా అమ్మాయి నా భుజం పక్కనుంచి మైకులోకి వంగింది.

"ఉంచుకో అత్తా. దూరడం నాకు హక్కు కాదు. కానీ బస్సు రాదని తెలుసుకోవడం మీ హక్కు. ఆ ఒక్కటీ మా నాన్న సరిగ్గానే విన్నాడు."