చర్చి గేటు దగ్గర ఆగిపోయిన సీడీ

ఎలిజబెత్ జమ్మలమడుగులో టీచరు. తమ్ముడు జీవరత్నం పెళ్లినాడే ఆమె భర్త ఆనందరావును చర్చి గేటు దగ్గర నరికేశారు. ఎన్నికల్లో ఆయన ఒక పార్టీ తరఫున బూత్ ఏజెంటుగా కూర్చోవడం అవతలి పార్టీవాళ్లకు గిట్టలేదు. నరికినవాళ్ల ముఖాలు పెళ్లి వీడియోలో పడ్డాయి. పులివెందుల నుంచి వచ్చిన వీడియోగ్రాఫర్ అమీర్ బాషా వణుకుతూనే కెమెరా దించకుండా నిలబడ్డాడు.

ఆ వీడియో ప్రొద్దుటూరులో జీవరత్నం ఇంట్లో కంప్యూటర్‌లో ఉంది. వాయిదా దగ్గర పడుతోందనీ, సీడీ తెచ్చివ్వమనీ సర్కారు వకీలు చెప్పడంతో ఎలిజబెత్ సెలవు దొరికినప్పుడల్లా తమ్ముడింటికి పోసాగింది.

వీడియోను సీడీలోకి ఎక్కిస్తుంటే రైట్ కావడం లేదు. సగందాకా బాగానే నడిచి, తెరమీద ఎర్రగుర్తు పడి ఆగిపోతోంది.

"ఇవి నాసిరకం సీడీలక్కా" అన్నాడు జీవరత్నం. ఆమె మంచివి కొనుక్కొచ్చింది. మళ్లీ ఆగింది. స్పీడు తగ్గించారు. కంప్యూటర్‌లో చోటు చాలడం లేదేమోనని పాటలూ ఆటలూ తీసేశారు. సీడీలోకి ఎక్కించే రైటరే చెడిందేమోనని తోటి టీచరును బతిమాలి, వాళ్లింటి రైటర్‌ను ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చింది. అది బిగించినా అంతే.

"దిగులు పడొద్దక్కా. బావ కోసం ఈమాత్రం చేయనా?" అన్నాడు తమ్ముడు. తల్లి పోయాక తాను చంకనేసుకుని పెంచిన తమ్ముడు.

ఇంటికి వెళ్తూ ఎలిజబెత్ ఆలోచించింది. సీడీలు మార్చారు, రైటర్ మార్చారు, ఆగేది మాత్రం ఒకేచోట. అంటే కంప్యూటర్‌లోకి ఎక్కించిన వీడియోలోనే ఏదో లోపముండాలి. అమీర్ బాషా దగ్గరున్న అసలు క్యాసెట్ తెచ్చి మళ్లీ ఎక్కిస్తే సరిపోతుంది. మరునాడే పులివెందుల బస్సెక్కింది.

ఆమె అడిగింది విని అమీర్ బాషా తెల్లబోయాడు. "క్యాసెట్టా? మీ తమ్ముడు ఎప్పుడో తీసకపోయెనే టీచరమ్మా. అక్కే తెమ్మనిందని చెప్పె. మీకు ఇయ్యల్యా?"

అతనిచ్చిన మంచినీళ్లు తాగకుండానే ఆమె లేచింది.

అటునుంచటే ప్రొద్దుటూరు చేరింది. జీవరత్నం అన్నం తింటున్నాడు. అతన్ని పలకరించకుండా కంప్యూటర్ ముందు కూర్చుని వీడియో పెట్టింది. అతను ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. తెరమీద ఆనందరావు నవ్వుతూ చుట్టాలకు ఎదురుపోతున్నాడు. చర్చి గేటు కనబడింది. బొమ్మ చటుక్కున తెగి, కేకలేస్తూ చెల్లాచెదురవుతున్న జనం కనబడ్డారు.

"క్యాసెట్ యాడ రా?"

"కాల్చేసినానక్కా" అన్నాడు తల దించుకుని. "బావను నరికినోళ్లు ఇంటికొచ్చి కూర్చున్యారు. మన పార్టీ పెద్దోళ్లే ఎంబడి పిల్చుకొచ్చినారు. రెండు పార్టీలోళ్లూ రాజీ అయిపోయినారంట. నా పెండ్లాం కడుపుతో ఉండాది, నేనేం జేసేది? ఆ ముక్క కోసేసి సీడీ నీ చేతికిద్దామనుకున్యా. కోసినకాడ చెడిపోయి అది రైట్ కాలా."

"భయమైతాందని ఒక్కమాట చెప్పింటే నిన్ను కడుపులో పెట్టుకునేదాన్ని గదరా! చెప్పకుండా నాతో సీడీలు తెప్పిస్తివి, రైటర్ మోయిస్తివి. ఆ మిషను ముందర నేను కండ్లు మూసుకుని ప్రార్థన చేస్తాంటే, పక్కన కూర్చుని ఆమెన్ అంటివి!"



సీడీ లేకుండానే ఆమె కోర్టులో బోనెక్కి, నరికినవాళ్ల పేర్లు చెప్పింది. తాను చర్చి లోపల ఉన్నాననీ, ఏమీ చూడలేదనీ జీవరత్నం చెప్పాడు. అమీర్ బాషా మాత్రం వచ్చి చూసిందంతా చెప్పాడు.

"నీకు భయం ల్యా బాషా?" అని అడిగింది ఆమె బయటికొచ్చాక.

"శానా ఉండాది టీచరమ్మా" అన్నాడతను, చెమట తుడుచుకుంటూ.

కేసు నిలబడలేదు. కొన్నాళ్లకు తమ్ముడికి ఆడబిడ్డ పుట్టిందని కబురొచ్చింది. ఎలిజబెత్ ప్రొద్దుటూరు పోలేదు.