శీనమ్మ సాక్ష్యం

ఉదయగిరి సబ్‌జైలు ఊచల వెనకనుంచి రామనారాయణ పెళ్ళాన్ని అడిగింది ఒక్కటే.

"ఆత్మకూరు శీనమ్మను సాక్ష్యానికి పిలిపించు. ఆ సాయంత్రం నేను ఆడనే ఉండానని చెప్పేదానికి ఆమె తప్ప ఇంకెవురూ లేరు."

మాలకొండమ్మ తల ఊపింది.

పక్క పొలం పెంచలనరసయ్యను ఉదయగిరి శివార్లలో పొద్దుగూకే వేళ ఎవరో నరికేశారు. అంతకుముందు వారమే పొలం గట్టు దగ్గర అతనితో కలబడ్డాడని పోలీసులు రామనారాయణను పట్టుకుపోయారు. మొగుడు చంపలేదని ఆమెకు తెలుసు. వేరుశెనక్కాయలు అమ్మడానికి ఆత్మకూరు వెళ్ళినప్పుడల్లా శీనమ్మ పూటకూళ్ళ ఇంట్లో దిగుతాడనీ తెలుసు. ఆ విధవరాలి పేరు వింటేనే పదేళ్ళుగా ఆమెకు ఒళ్ళు మండుతోంది. ఇప్పుడు నిండు కోర్టులో ఆ పేరు తన మొగుడి పేరు పక్కన రాయించాలా?

వకీలు సుందరరామయ్యతో, "ఆమె రానన్నది" అని చెప్పేసింది.

సాక్షి లేని మాటను సెషన్సు జడ్జి నమ్మలేదు. ఇంట్లో దొరికిన నెత్తుటి తువాలును ఆధారం చేసుకుని 1953లో యావజ్జీవ శిక్ష వేశాడు. మాలకొండమ్మకు నెల రోజులు ముద్ద దిగలేదు. అయినా నిజం చెప్పలేదు.

సుందరరామయ్య అప్పీలు వేశాడు. తువాలు సంగతేమిటని ముద్దాయికి జడ్జి ఒక్క ప్రశ్న కూడా వేయలేదనీ, సంజాయిషీ అడగకుండా దాన్నే పట్టుకుని శిక్ష వేయడం చెల్లదనీ అప్పట్లో హైకోర్టు ఉన్న గుంటూరులో వాదించాడు. హైకోర్టు ఒప్పుకుంది. శిక్ష కొట్టేసి, మళ్ళీ విచారించమంది.

"ఇది సగం గెలుపేనమ్మా," అన్నాడు వకీలు. "తువాలు మీది నెత్తురు మేకపోతుదని ఇప్పుడు చెప్పుకోవచ్చు. కానీ ఆ సాయంత్రం ఎక్కడున్నాడో చెప్పే మనిషి లేకపోతే మళ్ళీ మొదటికే వస్తాం."

మర్నాడే ఆమె ఆత్మకూరు బస్సెక్కింది.

శీనమ్మ పీట వేసింది. మాలకొండమ్మ కూర్చోలేదు. "సాక్ష్యం చెప్తావా?" అంది, గోడవైపు చూస్తూ.

"నువ్వు పిలుస్తావనే ఇన్నాళ్ళూ చూస్తా ఉండాను అక్కా. పిలవకుండా వస్తే నీ పరువు తీసినట్టయితాదని ఊరకుండినాను."

తిట్టినా అంత బాధ కలిగేది కాదు మాలకొండమ్మకు.

జిల్లా కోర్టులో మళ్ళీ జరిగిన విచారణలో సర్కారు ప్లీడరు, మూడేళ్ళనాటి తేదీ ఎలా గుర్తుందని గద్దించాడు.

"ఆ దినం మా ఆయన తద్దినం," అంది శీనమ్మ. "చుట్టాలు తినేసి పోయినారు. పొద్దుగూకిందాకా ఈయన బావిలో నీళ్ళు తోడి పోస్తా ఉంటే నేను గిన్నెలు కడుక్కున్నాను."

చావుల రిజిస్టరూ, పంచాంగమూ తెప్పించి చూశారు. తిథి సరిపోయింది. మాలకొండమ్మకు ఆ రిజిస్టర్లతో పని లేకపోయింది. ఇంట్లో చెంబెడు నీళ్ళు ముంచుకోని మనిషి అక్కడ కడవలు నింపాడు. మొగుడి ప్రాణం ఆ మాట మీదే ఉందని తెలిసి కూడా, అది అబద్ధమైతే బాగుండునని ఒక్క క్షణం అనుకుంది.

రామనారాయణను విడిచిపెట్టారు. బస్‌స్టాండులో అడిగాడు: "శీనమ్మ మొదట్లో ఎందుకు రానన్నది?"

"ఆమె అనలేదు. నేనే పిలవలా. ఓర్వలేకపోయినాను."

ముగ్గురూ ఆత్మకూరు మీదుగా పోయే ఉదయగిరి బస్సే ఎక్కారు. ఆత్మకూరులో శీనమ్మ వెనక్కి చూడకుండా దిగిపోయింది.

"దిగాలంటే నువ్వూ దిగు," అంది మాలకొండమ్మ.

"ఇంటికి పోదాం," అన్నాడతను. కిటికీ వైపు తల తిప్పలేదు. బస్సు కదిలేదాకా అతని మెడ బిగుసుకుని ఉండటం మాత్రం ఆమె చూసింది.