మరిడమ్మ చెప్పని మాట

అయితే ‘టాసిట్’ అన్న ఆ మాట లాటిన్‌లో పుట్టిందట. మాట్లాడకుండా ఉండటమని అర్థం. నిఘంటువులో అంతకు మించి లేదు. ఎందుకు మాట్లాడలేదో ఏ నిఘంటువు చెబుతుంది? విస్తరి ముందు కూర్చున్నా చలపతి మనసు ఆ ఇంగ్లీషు మాట దగ్గరే ఉంది.

రాజమండ్రి కోర్టులో ఆయన ద్విభాషి; సాక్షుల తెలుగును జడ్జి దొరకు ఇంగ్లీషులో చెప్పడం పని. పొద్దున ఒక పడవ దావా నడిచింది. చనిపోయిన తమ్ముడి పడవను తనకు వదిలేయడానికి మరదలు మరిడమ్మ ఒప్పుకుందని పల్లంరాజు అన్నాడు. నిజమేనా అని దొర మరిడమ్మను అడిగాడు. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుని నేల చూసింది. “టాసిట్ కన్సెంట్” అన్నాడు చలపతి. చెప్పకుండానే ఒప్పుకుందని. దొర రాసుకున్నాడు. మూడు గంటలకు తీర్పు మీద సంతకం. ఆ తర్వాత ఆమెకు పడవ లేదు, బతుకుతెరువు లేదు.

కానీ చేపల బజారులో ఆ మరిడమ్మ కేకేస్తే గట్టు మీది కాకులు లేచిపోతాయి.

“పులుసు చల్లారిపోతోందండి. ఏంటా పరధ్యానం?” అంది భార్య మాణిక్యాంబ.

“బావగారి ఎదుట ఆడవాళ్ళు నోరు విప్పరా?”

“ఇన్నాళ్ళకి తెలిసిందా? మనిళ్ళలోనైనా, పల్లెవాళ్ళలోనైనా అంతే. నా పుట్టింటి ఆవుని మీ అన్నగారు తోలుకెళ్తానన్నప్పుడు, ఆయన ఎదుటే మీరు నన్నడిగారు. నేను గోడకేసి చూశాను. మీరు పలుపు ఆయన చేతికిచ్చేశారు. తొమ్మిదేళ్ళుగా మజ్జిగ పల్చనని నన్నే అంటున్నారు.”

“సరేనన్నావనుకున్నాను.”

“నేననలేదండి.”

ఆనాడు నిజంగా అలాగే అనుకున్నాడా, అలా అనుకుంటే అన్నతో పేచీ ఉండదనా? పొద్దున కోర్టులో మాత్రం? మంచి మాటొకటి నాలుక మీదికి వచ్చింది. పైగా అప్పటికే ఆకలేస్తోంది. ఇరవై ఏళ్ళ కొలువులో తన అనువాదం తప్పని తానే చెప్పుకున్న రోజు లేదు. చెబితే దొర ఏమంటాడో.

మజ్జిగ పోసుకోకుండానే లేచాడు.

రెండున్నరకు దొర గదిలో నిలబడి, “పొద్దున నేను చెప్పింది ఆమె మాట కాదండి, నాది. బావగారు లేకుండా మళ్ళీ అడగాలి” అన్నాడు. దొర కలం కింద పెట్టి, వాళ్ళను పిలవమన్నాడు.

ఇద్దరూ వచ్చారు. మరిడమ్మ గోడ వారగా నిలబడింది.

“పల్లంరాజూ, నువ్వు కాస్త వసారాలో కూర్చో” అన్నాడు చలపతి.

“నేనెందుకండి బయటికి? అది ఒప్పుకుంది కదండి!”

“కూర్చోవయ్యా.”

అతను గొణుక్కుంటూ గడప దాటాడు. చలపతి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.