గోడ మీద లేని ముఖం

మిల్లు మొదటి కూత వేయకముందే ఆడవాళ్లు గోడ దగ్గరికి వచ్చేవాళ్లు. టిఫిన్ డబ్బాలు చంకన పెట్టుకుని, ఎవరి మొగుడి ముఖం ముందు వాళ్లు కాసేపు నిలబడేవాళ్లు. ఒకావిడ తన మొగుడికి చెవుల దగ్గర నెరిసిందనేది. ఇంకొకావిడ, మా ఆయన చిక్కిపోయాడమ్మా, తిండి సరిగ్గా పెడుతున్నట్టు లేరు అనేది. కూత వినగానే లోపలికి పోయేవాళ్లు.

ఆ ముఖాలు వేసింది బొమ్మలక్క. దుకాణాలకు బోర్డులు రాసుకుని బతికిన మనిషి. సమ్మె రోజుల్లో పదకొండు మందిని లారీ ఎక్కించి తీసుకెళ్లారు. ఎక్కడున్నారని అడిగితే, అలాంటివాళ్లు అసలు లేనే లేరని ఠాణాలో జవాబు. లేకపోవడమేమిటో చూద్దామని ఆవిడ నిచ్చెన వేసుకుని మిల్లు గోడ మీద వాళ్లను గీసింది. అందుకు రెండుసార్లు జైలుకి పోయింది. రెండోసారి కుడిచేతి వేళ్లు విరిచి పంపారు. ఎడమచేత్తో గీయడం నేర్చుకుంది.

మనిషి ఎక్కడో బతికుంటే గోడ మీది ముఖానికీ వయసు మీద పడేది. ఒకతని ముఖం గీసిన నాలుగో ఏట మారడం ఆగిపోయింది. అతని భార్య నెల రోజులు చూసి, ఏడ్చి, పుట్టింటికి వెళ్లిపోయింది.

గోడ మీద ఉన్నవి మాత్రం పదే. పదకొండోవాడు బొమ్మలక్క సొంత చెల్లెలి మొగుడు. ఎన్నిసార్లు అడిగినా, మరిది ముఖం చేతికి రావట్లేదనేది. ఊరందరి మొగుళ్లూ గుర్తున్నారు, నా మొగుడే గుర్తులేడా అని చెల్లెలు మాటలు మానేసింది. పద్దెనిమిదేళ్లు. ఈలోగా మిల్లులో బట్ట మడతపెట్టే పనిలో చేరింది. నోరు మెదపకుండా ఉంటే నీ మొగుడు క్షేమంగా ఉంటాడని మేనేజరు చెప్పాడు. ఆమె మెదపలేదు.

ఈ వానల్లో బొమ్మలక్క దగ్గి దగ్గి పోయింది. గది ఖాళీ చేయడానికి చెల్లెలు వెళ్తే, ఆవిడకి పనులిచ్చిన బోర్డుల షాపు ముసలాయన తాళం తీశాడు. రంగు డబ్బాల వెనక గోనెపట్టాలో చుట్టిన చెక్క ఒకటి ఉంది. విప్పితే మొగుడు. ఇరవై తొమ్మిదేళ్ల ముఖం, నల్లటి జుట్టు. లారీ ఎక్కించిన రోజు పొద్దున గడ్డం గీసుకుంటూ తెగ్గోసుకున్న గాటు ఇంకా ఎర్రగానే ఉంది.

"అందరికంటే ముందు వేసింది ఇతన్నే," అన్నాడు ముసలాయన. "వారమైనా గాటు మానలేదు. అప్పుడు నువ్వు అన్నం ముట్టేదానివి కాదు. చెప్తే పోతావని దాచేసింది. నన్ను తిట్టుకుంటూ అయినా బతుకుతుందిలే అనేది."

చెల్లెలు చెక్కను ఒళ్లో పెట్టుకుని కొంగుతో దుమ్ము తుడిచింది.

"ఇప్పుడు నేను ఈయనకి అమ్మలా ఉన్నాను," అంది.

ఆ సాయంత్రం కార్మిక సంఘం గదిలో సంతాపసభ. బొమ్మలక్క గురించి తలా ఒక మాట చెప్పారు. చెల్లెలు వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చి, అక్క ఫొటో పక్కన ఆ చెక్క నిలబెట్టింది. గాటు చూసి ఆడవాళ్లు తలలు దించుకున్నారు.

"మా అక్క గురించి చెప్పే అర్హత నాకు లేదు. దానితో మాట్లాడి పద్దెనిమిదేళ్లయింది," అంది. "ఆ రోజు లారీ తలుపు వేసినవాణ్ణి నేను చూశాను. ఈయనకేమన్నా అవుతుందని ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. రాసుకోండి."

కార్యదర్శి కాగితం ముందుకు లాక్కున్నాడు. ఆమె వాడి పేరు చెప్పింది, ఊళ్లో అందరికీ తెలిసిన పేరే. అతని చెయ్యి ఆగిపోయింది, మళ్లీ చెప్పమన్నాడు. ఈసారి ఇంటిపేరుతో సహా చెప్పింది.