‘ఆపండి’ అన్న బావ

వెంకట సాయికి పెళ్లిళ్ల గురించి తెలిసిందంతా సినిమాల పుణ్యమే. పిడుగురాళ్లలో లారీ స్పేర్ పార్ట్స్ షాపు నడుపుకునే ఈ పెద్దమనిషి, చుట్టాల పెళ్లికి వెళ్తే భోజనాల దగ్గర తప్ప ఇంకెక్కడా కనపడడు. అందుకే, తాళి కట్టబోయేటప్పుడు ఎవడో ఒకడు గుమ్మంలో నిలబడి ‘ఆపండి’ అంటాడనీ, మేళం టక్కున ఆగిపోతుందనీ, అందరూ తలలు తిప్పుతారనీ గట్టిగా నమ్మేవాడు.

ఆ నమ్మకంతోనే మేనమామ కూతురు అమూల్య పెళ్లికి నరసరావుపేట వచ్చాడు. అమూల్యంటే వాడికి ప్రాణం. ఆ సంగతి షాపులోని బేరింగులకు తప్ప ఎవరికీ చెప్పలేదు. క్రోసూరు సంబంధం వచ్చినప్పుడు మేనమామ ఆనవాయితీ ప్రకారం ముందు వీడినే పిలిచి అడిగాడు కూడా. "ఏరా అల్లుడూ, నీ మనసులో ఏముంది? నువ్వు ఊ అంటే వాళ్లని రావద్దంటా."

మహానుభావుడు కిటికీలోంచి ఎటో దూరంగా చూస్తూ, "మీ ఇష్టం మామయ్యా," అన్నాడు. ఇంటర్వెల్ ముందు హీరో త్యాగం చేయాలి కదా మరి. క్లైమాక్సులో ఎటూ ఆపుదాంలే అనుకున్నాడు.

పెళ్లి రోజు పొద్దున కల్యాణ మండపంలో సాయి, వీడియో తీస్తున్న స్నేహితుడు జావీద్ చెవిలో ఊదాడు. "తాళి టైముకి కెమెరా గుమ్మం వైపు తిప్పరా."

"ఎందుకు? ఎమ్మెల్యే వస్తన్నాడా?"

"నువ్వు తిప్పు, చెప్తా."

దానికింకా చానా టైముందన్న ధీమాతో టిఫిన్ల హాల్లోకి వెళ్లి పెసరట్టు ఉప్మా పెట్టించుకున్నాడు. రెండో అట్టు మధ్యలో ఉండగా మేళం మోగింది. కాసేపటికి అమ్మమ్మ రామాయమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏందిరా, ఇక్కడ కూర్చున్నావు? పెళ్లయిపోయింది."

సాయి చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. "తాళి కట్టేశారా అమ్మమ్మా?"

"తాళి ఇంకా కట్టలా. జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. ముహూర్తమంటే అదే కదరా. తెర తీశారు, ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఇంక బ్రహ్మదేవుడొచ్చినా చేసేదేం లేదు."

"మరి సినిమాల్లో..."

"వాళ్లకేం, తాళి మెరుస్తది గదా, దాన్నే చూపిస్తారు. జీలకర్ర ముద్ద చూపిస్తే ఎవడు ఏడుస్తాడు?"

అయినా సాయి చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తాడు. గుమ్మం చేరేసరికి పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు. సాయి గుండె నిండా గాలి పీల్చుకుని ‘ఆపండి’ అని అరిచాడు. సరిగ్గా అప్పుడే పంతులుగారు వేలు పైకెత్తి ఆడించారు. డోలూ సన్నాయీ ఒక్కసారిగా గట్టిమేళం అందుకున్నాయి. ఆ మేళం ఉన్నదే అందుకు. ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఎవరి పాడుమాటా ఆ సమయంలో పీటల మీది వాళ్ల చెవిన పడకూడదని పెద్దవాళ్లు ఎప్పుడో చేసిపెట్టిన ఏర్పాటది. దాని ముందు వీడి గొంతెంత? ఒక్క తలకాయ తిరగలేదు.

పీటల దాకా పోయి మళ్లీ నోరు తెరిచాడు. అవతలి వైపు నుంచి విసిరిన అక్షింతలు గుప్పెడు తిన్నగా నోట్లోకి వచ్చి పడ్డాయి. దగ్గలేక దగ్గుతుంటే మూడు ముళ్లూ పడిపోయాయి.

"ఒరేయ్, ఫ్రేములోంచి జరగరా," అన్నాడు జావీద్. కెమెరా పెళ్లికూతురి మీదే ఉంది.

తర్వాత ఫొటోల వరసలో సాయి వంతు వచ్చింది. పెళ్లికొడుకు అటు తిరిగి ఎవరికో నమస్కారం పెడుతున్నాడు. అమూల్య గొంతు తగ్గించి అడిగింది.

"ఇందాక ఏమన్నావు బావా? నోరు కదలటం చూశా."

"అక్షింతలు అయిపోయినయ్... తెమ్మన్నా."

"కాదు. ఆపమన్నావు."

సాయి తలొంచుకున్నాడు. వాడికి ఏడుపొచ్చింది. సినిమా ఏడుపు కాదు, ముక్కు కారే ఏడుపు.

"సినిమాలో ఆపేవాడు ముందుగాల ఆ పిల్లకి ఒక మాట చెప్పుకుంటాడు బావా," అంది అమూల్య. "నువ్వు నాకేం చెప్పావు? నాన్న నిన్నడిగిన రోజు నేను తలుపు వెనకే నిలబడ్డా. ఊ అంటావని."

జావీద్ నవ్వమన్నాడు. అమూల్య నవ్వింది. సాయి జేబురుమాలు తీసి, గొంతులో గింజ ఇంకా అడ్డంపడి ఉన్నట్టు దగ్గడం మొదలుపెట్టాడు.