గాలి జాకెట్టు

శ్రీ సిటీ పారిశ్రామికవాడలో కమలిని అంటే అందరికీ హడల్. ఆమె పనిచేసే ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ మూతలు తయారవుతాయి. మూత మీద వెంట్రుకంత గీత కనబడినా పక్కకు తోసేస్తుంది. "రిజెక్ట్!" అని ఆమె అనే తీరును క్యాంటీన్లో అనుకరించి నవ్వుకుంటారు. అదే మనిషి సాయంత్రం తిరుపతిలో బస్సు దిగేసరికి మారిపోతుంది. కొట్టువాడు నాలుగు చీరల మడతలు విప్పితే చాలు, విప్పించిన పాపానికి ఒకటి కొనేస్తుంది. హోటల్లో ఇడ్లీ అడిగితే పొంగలి తెచ్చినా తినేస్తుంది. ఎదుటివాళ్ల ముఖం చిన్నబోవడం చూస్తే ఆమె తట్టుకోలేదు. ఎందుకిలా అని తనను తాను చాలాసార్లు తవ్వుకుంది. మూతలకు ముఖాలుండవు, అందుకేనేమో అన్నదొక్కటే దొరికిన జవాబు.

ఏటా ఒకసారి సెలవు పెట్టి సముద్రానికి పోయి డైవింగ్ చేస్తుంది. అండమాన్ అయింది, లక్షద్వీప్ అయింది, నిరుడు కర్ణాటక తీరాన నేత్రాణి దీవి అయింది. నీళ్ల అడుగున ఎవరూ మాట్లాడరు. కాబట్టి ఎవరికీ సరేననక్కరలేదు. ఆ సుఖం కోసమే పోతుందేమోనని ఆమెకు అనుమానం.

వచ్చిన చిక్కల్లా అక్కడ డైవింగుకు ఇచ్చే అద్దె జాకెట్టుతోనే. అది మగవాళ్ల కొలతలది. గాలి నింపగానే జాకెట్టు చెవులదాకా లేచేది, ఒళ్లు మాత్రం కిందే ఉండిపోయేది. నేత్రాణిలో మిగతావాళ్లంతా తాబేలును చూస్తుంటే, ఆమె రెండు చేతులా జాకెట్టును కిందికి లాక్కుంటూ కూర్చుంది. ఈసారి సొంతది కొనాలి. అది ఒంటికి అతకాలి, విమానంలో మోసుకుపోయేంత తేలిగ్గా ఉండాలి. ప్రయాణం వచ్చే వారమే.

చెన్నైలో డైవింగ్ సామాన్ల కొట్టున్న ధనంజయ, "మొక్కు తీర్చుకోను కొండకు వస్తా ఉన్నాను మేడమ్, ఇంటికే తెస్తా" అన్నాడు. అన్నట్టే వచ్చాడు. నున్నటి గుండు, దానికి గంధం, చేతిలో లడ్డూ కవరు, రెండు భుజాలకు రెండు సంచులు.

"జాకెట్టు అమ్మేదానికి చెన్నై నించి మొగమనిషి రావల్లనా?" అని వంటింట్లోంచి అత్త వకుళాదేవి గొంతు వినబడింది.

"ఆ జాకెట్టు కాదత్తా. నీళ్లలో వేసుకునేది. గాలి నింపితే తేల్తాం, గాలి తీస్తే దిగుతాం."

"తేలేదెందుకు, దిగేదెందుకు? గట్టున కూసుంటే పోలేదా?" అంటూ ఆమె చేయి తుడుచుకుంటూ వచ్చింది.

ధనంజయ ముందుగా లడ్డూ తుంచి కమలిని చేతిలో పెట్టాడు. "ప్రసాదం తీసుకోండి మేడమ్. స్వామి దర్శనం అయినాక మొదటి బోణీ మీదే."

కమలిని కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. ప్రసాదం తిన్న నోటితో, అదీ బోణీ బేరాన్ని, వద్దనడం ఎలా?

అతను పెద్ద సంచి విప్పి నల్లటి జాకెట్టు తీశాడు. "అందరూ ఇదే కొంటారు."

వకుళాదేవి దాన్ని ఇత్తడి గుండిగను ఎత్తి చూసినట్టు ఎత్తి చూసింది. "బరువుండాది. గట్టి సరుకే."

"ఆ రెండో సంచిలోది?" అంది కమలిని మెల్లగా.

"మీరు తెమ్మన్నారని తెచ్చినా. పల్చనిది, చిన్న సైజు. ముందు ఇది వేసుకోండి."

వేసుకుంది. గొట్టంలోంచి గాలి ఊదింది. జాకెట్టు ఉబ్బి, భుజాలు దాటి, చెవులను తాకింది. గడ్డం కనబడకుండా పోయింది.

"ఏం కమలినీ, మెడకాయ యాడ పోయింది?"

"నీళ్లలోకి పోతే అడ్జస్ట్ అయిపోతుందమ్మా" అన్నాడు ధనంజయ.

నీళ్లలోనే కదా అడ్జస్ట్ కానిది, అనుకుంది కమలిని. కానీ 'సరే' అనే మాట అప్పుడే నాలుక చివరికి వచ్చి కూర్చుంది. దీంతో ఎలా సర్దుకోవాలో మనసు దారులు వెతుకుతోంది కూడా: ఒక చేత్తో పట్టుకుంటే రెండో చేయి ఖాళీయే కదా. తాబేళ్లు లోకంలో ఎన్ని లేవు?

వకుళాదేవి జాకెట్టు పక్కలను వేళ్లతో పట్టి చూసింది. "ఓ, ఇదా సంగతి! ఈడొకటి, ఆడొకటి కుట్టు పట్టిస్తే సరి. ఎదురింటి షబ్రీన్ దగ్గర మిషనుండాది. చిటికెలో అయిపోతాది."

బోణీ చేతికందేంత దగ్గరికి వచ్చిందని ధనంజయ కళ్లు మెరిశాయి. "అంతే, అంతే! కుట్టు వేయించుకోండి మేడమ్."

"గాలి సంచికి సూదా?"

అది కమలిని గొంతే, కానీ ఇంట్లో ఎవరూ విననిది. ఆమె కూడా శ్రీ సిటీ గేటు దాటాక ఎన్నడూ వినలేదు.

"ఇది రిజెక్ట్!"

ధనంజయ ముఖం చిన్నబోయింది. కమలిని తల తిప్పుకోబోయి, తిప్పుకోలేక, చూస్తూ ఉండిపోయింది. ఆ ముఖం కాసేపు అలాగే ఉండి, గంధపు గుండు కింద మళ్లీ మామూలు సైజుకు వచ్చేసింది. ఏమీ కూలలేదు. ఇంతేనా? ఇందుకేనా ఇన్ని చీరలు?

"బోణీ ఆశకు నోరు జారినా మేడమ్" అంటూ అతను నెత్తి తడుముకుని రెండో సంచి విప్పాడు.

కమలిని చిన్న జాకెట్టు తొడుక్కుని నిండా గాలి ఊదింది. ఊపిరి బాగానే ఆడుతోంది. "అత్తా, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగు."

వకుళాదేవి బావిలోంచి బిందె తోడినట్టు లాగింది. జాకెట్టు ఒంటిమీంచి కదల్లేదు, దాంతోపాటు కమలినే మునివేళ్ల మీద లేచింది.

"బాగుండాది కదా?" అన్నాడు ధనంజయ ఆశగా.

"ఎదమీద బకిల్ ఒత్తుతా ఉండాది. కిందికి జరుపు" అంది కమలిని.

జరిపాడు.

"జాకెట్టుకున్న ఈల ఊదితే మోగలేదు. రిజెక్ట్."

పెద్ద జాకెట్టు ఈల ఊడదీసి దీనికి తగిలించాడు.

"ఈ పట్టీ చివర దారం లేచింది."

"దారం కూడానా మేడమ్!"

"ఏమైందే నీకు, లడ్డూ పడలేదా?" అంది వకుళాదేవి.

అప్పుడు గానీ కమలిని, "ఇది తీసుకుంటా" అనలేదు. ధనంజయ కిటికీలోంచి కొండవైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. పెద్ద జాకెట్టును మళ్లీ సంచిలో కుక్కుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయాడు.

"ఇంక దాన్ని ఇప్పేసి రా, వడ్డిస్తా. చారు సల్లారిపోతాది" అంది వకుళాదేవి.

పెళ్లయిన నాటినుంచీ ఆ పిలుపు విన్నాక కమలిని ఒక్క నిమిషం ఆగి ఎరగదు. జాకెట్టు అన్నివైపులా మెత్తగా, సరిగ్గా పట్టుకుని ఉంది.

"కొంచేపు ఆగత్తా. ఇప్పుడే రాను."

వకుళాదేవి ముఖం చిన్నబోయింది.

కమలిని గోడకు ఆనుకుని, ఆ ముఖం మామూలు సైజుకు వచ్చేదాకా చూస్తూ నిలబడింది. ధనంజయ ముఖం కంటే దీనికి బాగా ఎక్కువసేపే పడుతోంది.