బూజు వేళ్లు

స్నిగ్ధ జహీరాబాద్‌లో ఒక ప్రైవేటు హాస్టల్‌లో ఉండి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతోంది. వారం రోజులుగా ముసురు పట్టి ఉంది. ఆ ఉదయం టిఫిను కోసం వెళ్లేసరికి, వంట చేసే నర్సమ్మ బ్రెడ్డు ముక్కల మీది నల్లటి బూజును కత్తితో గీకి పెనం మీద వేస్తోంది. పారేయొద్దని వార్డెన్ శోభారాణి చెప్పిందట.

స్నిగ్ధ గీకిన ముక్క ఒకటి కాగితంలో చుట్టుకుని, ఏమీ తినకుండానే కాలేజీకి వెళ్లి ల్యాబ్‌లో చంద్రప్ప సారుకిచ్చింది. ఆయన లోపలి మెత్తటి భాగాన్ని సూదితో విడదీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. సన్నటి దారాలు చెట్టు వేళ్లలా పాయలుగా చీలి బ్రెడ్డును పట్టుకుని ఉన్నాయి. అవి మూలతంతువులనీ, అసలైన వేళ్లు కాకపోయినా వేళ్ల పనే చేస్తాయనీ, బూజుకు పట్టూ తిండీ వాటివల్లేననీ సారు చెప్పాడు. ఆ బొమ్మను స్నిగ్ధ రికార్డులో ఎన్నోసార్లు గీసింది. తన పళ్లెంలోకి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

మర్నాడూ అదే బ్రెడ్డు. స్నిగ్ధ పళ్లెం వెనక్కి నెట్టింది. పక్కనున్న పూజితా నెట్టింది. శోభారాణి వచ్చి, గీకేశాక ఇంకేముందని అడిగింది.

"మీరు గీకింది పైదే మేడమ్. వేళ్లు లోపట్నే ఉన్నయి. నేను తినను."

సాయంత్రంలోగా క్షమాపణ రాసివ్వకపోతే చిరాగ్‌పల్లి నుంచి తండ్రిని పిలిపిస్తానంది శోభారాణి.

"పిలువున్రి. మా నాయినకు గూడ గిదే చెప్త," అంది స్నిగ్ధ.

సాయంత్రం కాగితం ఇచ్చింది. అందులో క్షమాపణ లేదు. బూజు బొమ్మ ఉంది: నల్లటి తలల కాడలు, బ్రెడ్డులోకి దిగిన వేళ్లు, భాగాల పేర్లు. అడుగున ముప్ఫై ఒక్క సంతకాలు. ఆఖరిది నర్సమ్మది.

శోభారాణి నర్సమ్మను పిలిచి, ఉద్యోగం అక్కర్లేదా అని అడిగింది.

"కావాలె మేడమ్. కానీ గిది పిల్లలకు నేను పెట్టను," అంటూ నర్సమ్మ మిగిలిన పాకెట్లన్నీ ఆమె కళ్ల ముందే చెత్తడబ్బాలో వేసింది.

తెల్లారి ఉప్మా చేశారు. మరో వంటమనిషి దొరకక నర్సమ్మను ఉంచేశారు. స్నిగ్ధను మాత్రం పై అంతస్తులో వాన కారే గదికి మార్చారు. ఆమె ఎవరినీ బతిమాలలేదు. పెట్టె ఎత్తుకుని మెట్లెక్కింది. పూజిత తన పరుపు కూడా చుట్టుకుని వెనకే వచ్చింది.